‘అది’ ఎవరు, ‘ఆమె’ ఎవరు: స్త్రీల కూడికలో స్త్రీవాద దృష్టితో బైబిలు చదివే పద్ధతి

ఆదికాండం 16వ అధ్యాయం తెరవండి. బైబిల్ సొసైటీ పాత అనువాదమే తీయండి, మన సంఘాల్లో ఆదివారం సంచుల్లో కనిపించేది ఎక్కువగా అదే. 6వ వచనంలో ఈ ముక్క ఉంటుంది: “శారయి దాని శ్రమపెట్టినందున ఆమెయొద్దనుండి అది పారిపోగా”. ఇద్దరూ ఆడవాళ్లే. శారయి అబ్రాము భార్య, పిల్లలు లేక తన పనిమనిషి హాగరును మొగుడికి అప్పగించింది, హాగరు కడుపుతో ఉంది. యజమానురాలు ‘ఆమె’ అయింది, పనిమనిషి ‘అది’ అయింది. హీబ్రూలో ఇద్దరికీ ఒకే స్త్రీలింగ రూపాలు వాడారు. ఆ తేడా మోషే కాలంలో పుట్టింది కాదు, మన వీధి అరుగుల మీద పుట్టింది.

స్త్రీవాద వేదాంతం అంటే బైబిలుకు ఎదురు తిరగడమని కొందరు, పట్నంలో కాలేజీ చదువు చదివినవాళ్ల వ్యవహారమని ఇంకొందరు అనుకుంటారు. నిజానికి దాని మొదటి పని చాలా చిన్నది. పేజీ మీద ఎవరిని ఎలా పిలిచారో, ఎవరు మాట్లాడారో, ఎవరి మాట రాయలేదో లెక్క తీయడమే ఆ పని. ఆ లెక్కకు గ్రీకు రానక్కర్లేదు, తెలుగు బాగా వస్తే చాలు. పాలకొల్లు, రాజోలు, అమలాపురం, రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్లలో స్త్రీల కూడిక నడిపేవాళ్లు అయిదారు వారాల్లో పూర్తిచేసుకునేలా ఈ పద్ధతి కూర్చాం.

కూర్చునే ముందు

మనుషులు 8 నుంచి 12 మంది ఉండాలి. 12 దాటితే నలుగురే మాట్లాడతారు, తక్కినవాళ్లు తలూపుతారు. నాట్లు, కోతల రోజుల్లో మొదలుపెట్టకండి, వంగి వంగి నడుము పడిపోయినవాళ్లు రెండో పాటకే కునుకు తీస్తారు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లోనూ వద్దు, ప్రతి సాయంత్రం ఏదో ఒక ఇంట ప్రార్థన ఉంటుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు దీన్ని తగిలించాలనిపిస్తుంది, అదీ వద్దు. ఖాళీ కడుపుతో, స్వస్థత కోసం వచ్చినవాళ్ల మనసు వేరే చోట ఉంటుంది. భోజనాల ముందు, రాత్రి 7 గంటల ప్రాంతంలో గంటంపావు చాలు.

చోటు గుడి కాకుండా ఎవరింటి వసారా అయితే మేలు. గుడిలో కూర్చుంటే ఆడవాళ్లు అలవాటుగా తమ వైపుకు వెళ్లి, పుల్పిట్ వైపు చూస్తూ కూర్చుంటారు. వసారాలో గుండ్రంగా కూర్చోవచ్చు. ఎవరి వసారా అన్నది మాత్రం ఆలోచించి ఎంచండి. ఊళ్లో కొందరు గడప ఎక్కలేని ఇల్లు, కొందరు మంచినీళ్లు తాగని ఇల్లు ఉంటాయి. ఆ సంగతి గుళ్లో పైకి అనరు గానీ అందరికీ తెలుసు. దళితుల పేటలోని ఇంట్లోనే మొదటి కూడిక పెడితే ఎవరు వస్తారో ఎవరు రారో అప్పుడే తేలిపోతుంది. కులం సంగతి పక్కనపెట్టి ‘స్త్రీలందరం ఒకటే’ అని మొదలుపెట్టిన కూడికలో శారయికి చోటు దొరుకుతుంది, హాగరుకు దొరకదు.

సామాను: పాత అనువాదం పెద్దక్షరాల బైబిలు ఒకటి, వాడుక భాషలో ఉన్న ఏదైనా కొత్త అనువాదం ఒకటి, దోసెడు చింతపిక్కలు, రెండు స్టీలు గిన్నెలు, ఒక నోటుబుక్కు. చింతపిక్కలు ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది. చదువు రానివాళ్లు ఉంటారు కాబట్టి అందరికీ తలో బైబిలు ఇవ్వకండి. చదవగలిగినవాళ్లు తలవంచుకుని పుస్తకంలోకి దూరతారు, రానివాళ్లు పరాయివాళ్లవుతారు. ఒక్కరు చదవాలి, మిగతావాళ్లు వినాలి. చెవితో బైబిలు నేర్చుకున్న మామ్మలకు కళ్లతో చదివేవాళ్ల కన్నా మాట బాగా పట్టుబడుతుంది.

ఇంకో విషయం పాస్టరుగారి భార్య గురించి. అమ్మగారు వస్తే సంతోషమే, కానీ నడిపే పని ఆవిడకు అప్పజెప్పకండి. ఆవిడ ఏది అంటే అందరూ “ఆమెన్” అంటారు, దానితో చర్చ అయిపోతుంది. ఆవిడకు కూడా అది బరువే. ఇంట్లో అయ్యగారికి జవాబు చెప్పుకోవలసింది ఆవిడ కదా.

మొదటి కూడిక: హాగరు

దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. రెండు వారాలు పట్టినా పరవాలేదు.

ముందు ఆదికాండం 16ను మెల్లగా, మధ్యలో వ్యాఖ్యానం చెప్పకుండా చదవండి. రెండోసారి చదివేటప్పుడు రెండు గిన్నెలు మధ్యలో పెట్టండి. ‘ఆమె’ అని వినపడినప్పుడల్లా ఒకరు ఒక గిన్నెలో చింతపిక్క వేయాలి, ఆడమనిషిని ఉద్దేశించి ‘అది’, ‘దాని’ అని వినపడినప్పుడల్లా ఇంకొకరు రెండో గిన్నెలో వేయాలి. ‘అది’ అన్న మాట వస్తువుకూ వాడతాం కాబట్టి, వేసే ముందు ‘ఎవరిని?’ అని అడగండి. స్టీలు గిన్నెలో పిక్క పడే చప్పుడుకు నాలుగో వచనం దాటేసరికే వసారా నిశ్శబ్దమవుతుంది. ఎవరో ఒకరు నోరు తెరుస్తారు: “మా కామందుగారింట్లో నన్నూ అట్టాగే అంటారండీ.” ఆ మాట వచ్చాక మీరు వేదాంతం చెప్పనక్కర్లేదు, పాఠం సగం అయిపోయినట్టే.

మూడోసారి చదివేటప్పుడు హాగరు ఉన్న ప్రతిచోటా ‘ఆమె’ అని మార్చి చదవండి. “శారయి ఆమెను శ్రమపెట్టినందున ఆమె పారిపోగా.” చెవికి ఎలా ఉందో అడగండి. ఎవరు ఎవరి దగ్గర నుంచి పారిపోయారో అర్థం కావడం లేదని ఎవరైనా అంటే, అది సరైన పరిశీలనే. పాత అనువాదకులు తికమక తప్పించడానికే ‘అది’ వాడి ఉండవచ్చు. కానీ ఆ మాట పనిమనిషి వాటాకే వచ్చిందెందుకు? కొత్త అనువాదం తీసి, వాళ్లు అదే వాక్యాన్ని ఎలా సర్దారో చూడండి.

ఇక్కడ తెలుగు వ్యాకరణం గురించి రెండు ముక్కలు చెప్పవచ్చు. మన భాషలో ఏకవచనంలో ఆడమనిషికీ వస్తువుకూ ఒకే క్రియ వాడతాం. అమ్మ వచ్చింది, గేదె వచ్చింది, పడవ వచ్చింది. అన్న మాత్రమే వచ్చాడు. బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్లు మనుషుల్లో కలుస్తారు: అందరూ వచ్చారు. మగవాళ్లను మహత్తులన్నారు, తక్కినవి అమహత్తులన్నారు, ఏకవచనంలో స్త్రీని అమహత్తు పక్కన కూర్చోబెట్టారు. ఇది ఎవరో ఒకరు కుట్ర చేసి పెట్టింది కాదు. కానీ బైబిలు ఈ భాషలోకి వచ్చినప్పుడు ఈ గట్ల మధ్య నుంచే పారింది. నీరు ధవళేశ్వరం దగ్గర ఒకటే, ఏ కాలువలో పడితే ఆ కాలువ రంగు.

ఇప్పుడు కథలోకి రండి. ఈ ప్రశ్నలు ఒక్కొక్కటిగా, ఒక్కోదానికి అయిదారు నిమిషాలిస్తూ అడగండి. హాగరును పేరు పెట్టి పిలిచింది ఎవరు? శారయి ‘నా దాసి’ అంటుంది, అబ్రాము ‘నీ దాసి’ అంటాడు. ఈ కథలో ఆ పేరు పెట్టి పిలిచింది 8వ వచనంలో యెహోవా దూత ఒక్కడే. అదీ పరాయి దేశపు బానిస పిల్లను, ఎడారిలో, నీటి బుగ్గ దగ్గర. బైబిలులో యెహోవా దూత మొట్టమొదట కనిపించింది ఆమెకే. దేవునికి పేరు పెట్టిన మొదటి మనిషి కూడా ఆమే: “చూచుచున్న దేవుడవు నీవే”. ఆ మాటను కూడా పాత అనువాదం ‘అది’ నోటనే పలికించింది.

శారయిని రాక్షసిని చేయకండి. చేస్తే అత్తాకోడళ్ల సీరియల్ అయిపోతుంది, అబ్రాము తప్పించుకుంటాడు. 12వ అధ్యాయం చూపించండి. ఐగుప్తులో తన ప్రాణం కాపాడుకోవడానికి అబ్రాము భార్యను చెల్లెలని చెప్పి ఫరో ఇంటికి పోనిచ్చాడు. ఒక ఇంటికి అప్పగింతకు గురైన మనిషే తన ఇంటికి వచ్చాక ఇంకో ఆడపిల్లను అప్పగించింది. పిల్లలు పుట్టని ఆడదానికి ఆ ఇంట్లో విలువ ఎంతో శారయికి తెలుసు. దెబ్బ పైనుంచి కిందికి ఎలా దిగుతుందో అడగండి, ఉదాహరణలు వాళ్లే ఇస్తారు.

అన్నిటికంటే కష్టమైనది 9వ వచనం. తిరిగి వెళ్లి యజమానురాలి చేతికింద అణిగి ఉండమంటాడు దూత. దీన్ని దాటేయకండి. కొట్టే మొగుడి దగ్గరకు తిరిగి వెళ్లమని చెప్పడానికి ఈ వచనాన్ని వాడినవాళ్లు ఉన్నారు. కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లలో పనికి వెళ్లి, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయి, తిరిగి రాలేకపోయినవాళ్లను కోనసీమలో, నరసాపురం వైపు ఎరగని వీధి ఉండదు. వాళ్లకు ఇది కథ కాదు. అమెరికా నల్లజాతి వేదాంతి డెలోరస్ విలియమ్స్ 1993లో హాగరు గురించి రాస్తూ చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. ఈ కథలో దేవుడు ఆమెకు విడుదల ఇవ్వలేదు, ముందు బతికి బట్టకట్టే దారి ఇచ్చాడు అంటుందామె. కడుపుతో ఉన్న మనిషికి ఎడారిలో తిండీ నీళ్లూ లేవు. 21వ అధ్యాయంలో మళ్లీ బయటికి పంపినప్పుడు ఆమె తిరిగి రాలేదు, కొడుకును పెంచింది, తన దేశపు పిల్లనే తెచ్చి పెళ్లి చేసింది. 9వ వచనం ఒక మనిషికి ఒక రోజు చెప్పిన మాట, అందరికీ ఎల్లకాలానికీ రాసిన చట్టం కాదు. ఈ వివరణతో తృప్తిపడనివాళ్లు ఉంటారు. వాళ్లను ఒప్పించడానికి ప్రయత్నించకండి, ఆ కోపాన్ని అలాగే నోటుబుక్కులో రాసుకోండి.

చివర్లో 21వ అధ్యాయం కూడా గిన్నెలు పెట్టి చదివి, పిక్కల లెక్క రెండు అధ్యాయాలకూ పోల్చండి.

ఈ కూడికలో చెడేది ఎక్కడంటే, ఎవరైనా ఏడవగానే పక్కావిడ పాట ఎత్తుకుంటుంది. పాట మంచిదే, కానీ అప్పుడది నోరు మూయించడమే అవుతుంది. “ఒక్క నిమిషం ఆగుదాం” అని ముందే మాట అనుకోండి. రెండోది ఇంకా ప్రమాదం. ఇక్కడ చెప్పుకున్న కష్టం ఆదివారానికి ‘ప్రార్థన మనవి’ రూపంలో గుడంతా తిరుగుతుంది. “ఫలానా సహోదరి కుటుంబ సమాధానం కోసం” అంటే చాలు, ఊరు మిగతాది పూరించుకుంటుంది. వసారాలో మాట వసారాలోనే ఉంటుందని మొదటి రోజే అందరి చేతా అనిపించండి. ఎవరి ఒంటి మీదైనా దెబ్బలు కనపడితే బైబిలు పాఠం ఆపేయండి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారులు ఉన్నారు. ఆ మనిషిని అడిగి, ఆమె సరేనంటేనే ఫోను చేయండి. భర్తను పిలిపించి రాజీ చేయడం మీ పని కాదు.

నరుడు, నారి, సాటి

రెండో పాఠం ఆదికాండం 1 నుంచి 3 వరకు. ఇది త్వరగా నడుస్తుంది, ఎందుకంటే తెలుగు బైబిలు ఇక్కడ మనవైపే ఉంది. 1:27లో “స్త్రీనిగాను పురుషునిగాను” అని స్త్రీ మాట ముందు పెట్టింది. హీబ్రూలో వరుస మగ, ఆడ అనే ఉంటుంది. 2:18లో “సాటియైన సహాయము” అంది. పెళ్లి ప్రసంగాల్లో ‘సహాయం’ వినపడుతుంది, ‘సాటి’ జారిపోతుంది. సాటి అంటే ఏమిటో కూడికలో అడగండి. సాటి లేని మనిషి, సాటి మనిషి, పోటీ సాటీ, ఇలా వాళ్లే చెబుతారు. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి పొట్టిదైతే ఏమవుతుందో చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు.

సహాయం అన్న మాటకు వాడిన హీబ్రూ పదం ఏజెర్. పాత నిబంధనలో ఆ పదం ఎక్కువసార్లు వచ్చేది దేవుణ్ణి గురించే. 121వ కీర్తనలో “నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?” అన్నచోట ఉన్నది ఆ మాటే. సహాయం చేసేది కింద ఉండేదనుకుంటే, దేవుణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలి?

తెలుగులో ఒక చిక్కు మాత్రం ఉంది. హీబ్రూలో మొదటి మనిషి ‘ఆదాము’, నేల ‘ఆదామా’, అంటే మట్టిమనిషి. మగవాడు, ఆడది అనే జంట మాటలు, ఈష్, ఇష్షా, 2:22–23లో గానీ రావు. అమెరికా బైబిలు పండితురాలు ఫిలిస్ ట్రిబుల్ 1970లలో ఈ సంగతి పట్టుకుని, మొదట చేసింది మగవాణ్ణి కాదు మట్టిమనిషిని, ఆడా మగా ఒకేసారి వేరుపడ్డారు అని వాదించింది. మన అనువాదంలో రెండు చోట్లా ‘నరుడు’ అనే ఉంది కాబట్టి ఈ తేడా కనపడదు. నర, నారి అన్న జంట మాత్రం అందంగా కుదిరింది. ట్రిబుల్ వాదాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు, కాబట్టి దీన్ని తీర్పులా కాకుండా ఒక చదివే తీరుగా చెప్పండి.

3:16లో “అతడు నిన్ను ఏలును” అన్నది చెడిపోయిన లోకం ఎలా ఉంటుందో చెప్పే మాట. ముళ్లతుప్పలు మొలుస్తాయి అన్న 18వ వచనం కూడా అక్కడే ఉంది. తుప్పలు దేవుని చిత్తమని పొలంలో కలుపు తీయడం ఎవరూ మానరు కదా. ఈ ఒక్క పోలిక చాలు, ఎక్కువ సాగదీయకండి.

రోమా 16, లేసు

మూడో పాఠానికి పౌలు పేరుపేరునా వందనాలు చెప్పిన రోమా 16:1–16 తీసుకుని, ఆడవాళ్ల పేర్లకు ఒక్కో చింతపిక్క వేయించండి. ఫీబే, ప్రిస్కిల్ల, మరియ, యూనీయ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు, రూఫు తల్లి, యూలియా, నేరియ సహోదరి. పది రావాలి. సాధారణంగా తొమ్మిదే వస్తాయి, యూనీయ తప్పిపోతుంది. ఎందుకంటే 7వ వచనంలో అంద్రొనీకుతో కలిపి ‘వీరు’ అన్నారు, ‘వీరు’లో ఆడో మగో తెలియదు. ఏకవచనంలో ‘అది’ కిందికి తోసిన భాష బహువచనంలో ‘వీరు’ వెనక దాచింది. “అపొస్తలులలో ప్రసిద్ధికెక్కినవారు” అని వాళ్లిద్దరినీ అంటున్నాడు పౌలు. 4వ శతాబ్దం చివర పేరున్న గ్రీకు ప్రసంగికుడు క్రిసోస్తొము ఆమె స్త్రీ అనే రాసి మెచ్చుకున్నాడు. 1927లో, పండితులు వాడే నెస్లే గ్రీకు కొత్త నిబంధన ప్రతిలో ఉచ్చారణ గుర్తు మార్చి ఆ పేరును మగపేరుగా అచ్చువేశారు, 1998 ముద్రణలో మళ్లీ దిద్దారు. యూనియాస్ అనే మగపేరు ఆ కాలపు శాసనాల్లో ఎక్కడా దొరకలేదు.

ఫీబే దగ్గర తెలుగు అనువాదం నిజాయితీగానే ఉంది. ‘పరిచారకురాలు’ అంది, ఫిలిప్పీ 1:1లో సంఘపు పెద్దల పక్కన చెప్పిన ‘పరిచారకులు’ కూడా అదే గ్రీకు మాట. కానీ రోమా 16 రెండో వచనంలో ‘ప్రోస్టాటిస్’ అన్న పదాన్ని ‘సహాయురాలు’ అనేసింది. ఆ కాలంలో ఆ పదం డబ్బూ పలుకుబడీ పెట్టి పదిమందిని నిలబెట్టే పెద్దమనిషికి వాడేవాళ్లు.

ఇక్కడ ‘సహాయం’ అన్న మాట ఎంత పని చేస్తుందో చూపడానికి డెల్టాలోనే మంచి ఉదాహరణ ఉంది. నరసాపురం లేసు. మిషనరీ స్త్రీలు 19వ శతాబ్దంలో కొత్తగా క్రైస్తవులైన పేద ఇళ్ల ఆడవాళ్లకు క్రోషియా అల్లిక నేర్పారు. ఆ అల్లిక విదేశాలకు ఎగుమతి అయ్యే పరిశ్రమ అయింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త వీళ్ల మీద చేసిన పరిశోధన 1982లో అచ్చయింది. రోజుకు గంటల తరబడి అల్లుతున్నా వీళ్లను పనివాళ్లు అనకుండా ‘ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు’ అనేవాళ్లని, అందుకే కూలి అంత తక్కువని ఆమె చూపించింది. కూడికలో ఒకరిని క్రోషియా కడ్డీ, దారం తెమ్మనండి. ఒక్క పువ్వు అల్లమని గడియారం చూడండి. ఆ తర్వాత లూకా 8:1–3 చదవండి. యోహన్న, సూసన్న, మగ్దలేనే మరియ “తమకు కలిగిన ఆస్తితో” యేసు బృందాన్ని పోషించారు. ఆ మాట దగ్గర ఆగి, మన గుడి శిలాఫలకం మీద ఎన్ని ఆడపేర్లు ఉన్నాయో ఆదివారం లెక్కపెట్టి రమ్మనండి. 1836లో బయల్దేరి వచ్చి గోదావరి డెల్టా మిషను మొదలుపెట్టిన బౌడెన్, బీర్ పేర్లు అందరికీ తెలుసు. వాళ్లు భార్యలతో వచ్చారని, ఆ భార్యల పేర్లు ఏమిటని ఎవరూ అడగరు.

లోబడమనే వాక్యాలు

నాలుగో వారానికి ముందు వీటిని ముట్టుకోకండి. మొదటి రోజే ఎఫెసీ 5 తెరిస్తే కూడిక కొట్లాట అవుతుంది, రెండో వారం భర్తలు పంపరు.

ఎఫెసీ 5:22ను 21తో కలిపి చదవాలి. పాత రాతప్రతుల్లో, ముఖ్యంగా పి46, వాటికన్ ప్రతుల్లో, 22వ వచనానికి సొంత క్రియ లేదు. 21లోని ‘ఒకనికొకడు లోబడియుండుడి’ అన్న క్రియనే అది అరువు తెచ్చుకుంది. అంటే భార్య లోబడడం ఒకరికొకరు లోబడడంలో ఒక భాగం. మన బైబిళ్లలో 22 దగ్గర కొత్త పేరా, కొన్నిట్లో కొత్త శీర్షిక కూడా పెట్టడంతో అతుకు ఊడిపోయింది. పైగా ‘ఒకనికొకడు’ అన్నది మగ రూపం, వినేవాళ్లకు అది మగవాళ్ల మధ్య సంగతిలా తోస్తుంది. ‘ఒకరికొకరు’ అని మార్చి రెండు వచనాలూ ఒకే ఊపిరిలో చదివించండి. ఇంతచేసినా ఆ కాలపు ఇంటి కట్టుబాటు ఆ భాగంలో ఉండనే ఉంది. 6:5లో దాసులు యజమానులకు లోబడాలనీ అదే వరుసలో చెప్పాడు. ఆ మాటను ఇవాళ ఎవరూ పాలేర్ల విషయంలో ప్రసంగించరు. ఎందుకు ప్రసంగించరో అడిగి జవాబు కోసం ఆగండి.

1 కొరింథీ 14:34లో స్త్రీలు మౌనంగా ఉండాలన్న పౌలే, 11:5లో స్త్రీ ప్రార్థన చేసేటప్పుడూ ప్రవచించేటప్పుడూ తల మీద ముసుకు ఉండాలన్నాడు. మౌనంగా ప్రవచించడం ఎలా? కొన్ని పాత ప్రతుల్లో 34, 35 వచనాలు అధ్యాయం చివరికి, 40 తర్వాతికి వెళ్లాయి. అందుకే అవి అంచున రాసిన ముక్కలేమోనని కొందరు పండితుల అనుమానం. 11:10లో ‘అధికార సూచన’ అని ఉంది, గ్రీకులో ‘సూచన’ లేదు, ‘అధికారం’ మాత్రమే ఉంది. స్త్రీలు తల కప్పుకునే బ్రదరన్ సంఘాలు పాతుకుపోయిన ప్రాంతం ఇది, ముసుగు తీయించాలని బయల్దేరకండి. ముసుగు వేసుకున్నామె నోరు విప్పే అధికారం గురించి అడగండి. ముసుగును ఆమె అలాగే ఉంచుకుని, మాట్లాడే హక్కును తిరిగి తీసుకోవచ్చు.

సంఘపెద్దలు వచ్చి ఇదేం బోధ అంటే, భారతదేశంలోనే పాదిరులైన స్త్రీలు ఉన్నారని, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) 2013లో పుష్పలలితగారిని నంద్యాల బిషప్పుగా అభిషేకించిందని, ఆమె తెలుగామే అని చెప్పవచ్చు. కానీ వాదనకు దిగకుండా, “వచ్చే వారం మీరూ వచ్చి వినండి” అనడం ఎక్కువ పనిచేస్తుంది. గిన్నెలూ పిక్కలూ చూస్తే వాళ్లకే లెక్కపెట్టాలనిపిస్తుంది.

ఈ దశలో ఇంకో తప్పు జరుగుతుంది. మంచివాళ్లే చేస్తారు. “యూదులు ఆడవాళ్లను అణచారు, యేసు వచ్చి విడిపించాడు” అనేస్తారు. యేసూ మరియా యూదులే. ఎడారిలో హాగరు కథను పోగొట్టకుండా మనదాకా తెచ్చింది యూదులే. యేసు తర్వాతి రెండు మూడు శతాబ్దాల్లో యూదుల సమాజమందిరానికి స్త్రీ పెద్దగా ఉన్నట్టు, ఇప్పటి టర్కీలోని స్మిర్నా శాసనం ఒకటి రూఫినా అనే ఆమె పేరు చెబుతోంది. ఈ పొరపాటును యూదు స్త్రీవాది జూడిత్ ప్లాస్కో 1970లలోనే ఎత్తి చూపింది. మన ఊళ్లో దీని తమ్ముడు మాట ఇంకొకటి తిరుగుతుంది: “అన్యుల్లోనే ఆడవాళ్లకు విలువ లేదు.” అది అంటున్న ఇంట్లో కట్నం ఎంత తీసుకున్నారో అడగనక్కర్లేదు, అందరికీ తెలుసు. బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చేరోజు ముట్టయితే వెనక కూర్చునేదీ, భర్త పోయినామెను పెళ్లిపందిట్లో ముందుకు రానివ్వనిదీ మన గుళ్లలోనే. రక్తస్రావంతో ఉన్న స్త్రీ యేసు వస్త్రం ముట్టుకున్న కథ, మార్కు 5:25–34, ఆ వారం చదివితే సరిపోతుంది.

ప్రార్థన రాయడం

ఆఖరి కూడికలో అందరూ కలిసి ఆరు లైన్ల ప్రార్థన రాయాలి. దేవుణ్ణి తల్లి అనవచ్చా అని గొడవ మొదలవుతుంది. తెలుగులో ఈ గొడవకు సుళువైన దారి ఉంది. మూడో మనిషిలో ‘ఆయన’ అంటేనే లింగం వస్తుంది. ఎదురుగా నిలబడి ‘నీవు’ అంటే రాదు. కాబట్టి మొత్తం ‘నీవు’లోనే రాయండి. పేర్లకు బైబిలునే ఆశ్రయించండి. యెషయా 66:13లో తల్లిలా ఆదరిస్తానన్నది, లూకా 13:34లో కోడి రెక్కల కిందికి పిల్లల్ని చేర్చుకున్నట్టు అన్నది, లూకా 15:8లో దీపం వెలిగించి ఇల్లూడ్చి నాణెం వెతికిన స్త్రీ, ద్వితీయోపదేశకాండం 32:18లో “నిన్ను కనిన దేవుని”. ఆ చివరి మాట దగ్గర ఆగండి. కనడమంటే చూడడం, కనడమంటే పురుడు. హాగరును చూసిన దేవుడూ, ఇశ్రాయేలును ప్రసవించిన దేవుడూ తెలుగులో ఒకే క్రియలో ఇమిడిపోయారు. హీబ్రూలో ఇలా కుదరదు. అక్కడ కరుణకూ గర్భానికీ వేరు ఒకటే, మనం కడుపు తీపి అంటాం చూడండి, అలా.

ఒక్కొక్కరూ తమ పనిలోంచి ఒక్కో క్రియ ఇవ్వాలి. నాటడం, చెరగడం, కల్లాపి జల్లడం, పీచు పేనడం, అల్లడం. ఆ క్రియను దేవునికి పెట్టి ఒక వాక్యం చేయాలి: “తాలు చెరిగి గింజ దాచే దేవా”, “తెగిన దారం ముడి కనపడకుండా కలిపే దేవా”. పుస్తకాల ప్రార్థన భాష, కృపాకనికరములు, మహిమాస్వరూపీ లాంటివి, ఎవరైనా తెస్తే వద్దనకండి, ఒక్క లైను ఇవ్వండి. అయిదు లైన్లు పని మాటలవి, ఒకటి గుడి మాటలది. ఆ పాళ్లలో అయితే వినడానికి బాగుంటుంది, సంఘంలో చదివినా ఎవరూ ఉలిక్కిపడరు.

రాసినదాన్ని నోటుబుక్కులో ఎక్కించి కింద తేదీ, వచ్చినవాళ్ల పేర్లు రాయండి. ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావాళ్ల అమ్మ’ అని రాయకండి. బాప్తిస్మంలో పెట్టిన పేరు వేరు, పిలిచే పేరు వేరు, రేషను కార్డులో పేరు ఇంకోటి ఉంటాయి. ఏ పేరు రాయాలో, ఇంటిపేరు పుట్టింటిది పెట్టాలో అత్తింటిది పెట్టాలో ఆమెనే అడిగి, ఆమె చెప్పినట్టు రాయండి.